చూశానని పెట్టిన సంతకం

మా వృత్తిలో ‘చూశాను’ అనే మాటకి ఎన్ని మెట్లుంటాయో ఉద్యోగంలో చేరిన పదిహేడేళ్ళకిగాని నాకు తెలిసిరాలేదు. తెలిసిన తీరు గొప్పగా చెప్పుకునేది కాదు. మొన్నీమధ్య కొత్తగా ల్యాబుల్లో చేరిన పిల్లలకి నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను పిలిచారు. వెళ్ళాను, మైకు పట్టుకుని ఆ నాలుగూ చెప్పాను, చప్పట్లు కొట్టించుకున్నాను, శాలువా కప్పించుకుని ఇంటికొచ్చాను. చెప్పులు విప్పుతుంటే సిగ్గేసింది. చెప్పాల్సిన అయిదోది కడుపులోనే పెట్టుకుని వచ్చేశాను కదా అనిపించింది. అదే ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు నా ఎదురుగా కూర్చున్న పిల్లలు చదువుతారని ఆశ.

నేను క్షయవ్యాధి ల్యాబు టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. మొదట పొదిలి వైపు, తర్వాత దాచేపల్లి వైపు, చివర్లో గుంటూరుకి పడమరగా, చుట్టూ పత్తీ మిరపా తప్ప మరో పచ్చదనం కనిపించని ఒక ఊరి ప్రభుత్వాసుపత్రిలో. ఊరి పేరు చెప్పను. ఎవరి పేరూ చెప్పను. తప్పు చేసినవాడిగా నా పేరైనా రాద్దామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు.

ఇప్పుడంటే మిషన్లు వచ్చాయి. గొట్టంలో పోసి మూత పెడితే అదే చెబుతుంది, ఉందో లేదో. మా రోజుల్లో కన్నే మిషను. రోగి కళ్ళె తెస్తాడు. దాన్ని గాజుపలక మీద పూసి, ఆరబెట్టి, ఎర్రరంగు పోసి కింద మంట పెట్టి, యాసిడ్‌తో కడిగి, మళ్ళీ నీలం రంగు వేస్తాం. అన్నీ నీలంగా మారతాయి, క్షయ క్రిములు మాత్రం ఆ ఎరుపు వదలవు. మైక్రోస్కోపులో చూస్తే నీలం మీద సన్నటి ఎర్ర గీతల్లా ఉంటాయి. కటకంలోంచి ఒకసారికి కనిపించే గుండ్రటి మేరని ఫీల్డు అంటాం. ఒక్క గీత కనబడినా వదలకూడదు. ఏమీ కనబడకపోతే మాత్రం స్లైడుని జరుపుకుంటూ నూరు ఫీల్డులు చూశాకే ‘లేదు’ అని రాయాలి. ‘ఉంది’ అనటం తేలిక. ‘లేదు’ అనటానికే నూరు చూపులు కావాలి. మొదటిరోజు నేర్పే పాఠం ఇదే.

చూడటానికి మనకి మాటలకేం తక్కువ? పోలీసులు చేస్తే సోదా. పై అధికారి వస్తే తనిఖీ. దానికి ముందురోజే గోడలకి సున్నం, నేలకి ఫినాయిలు. ఆఫీసు కాగితం మీద అయితే పరిశీలన, దాని ముందు ‘క్షుణ్ణంగా’ అని తగిలిస్తే ఇంకా బరువు. మా రిజిస్టరులో చివరి గడి ‘పరీక్షించినవారి సంతకం’. ఆ గడిలో నా సంతకం చూడముచ్చటగా ఉండేది. సంతకం మీద పెట్టిన శ్రద్ధ స్లైడు మీద పెట్టి ఉంటే ఇవాళ రాయటానికి ఏమీ ఉండేది కాదు.

నాకు వేగం ఎక్కువని పేరు. పక్క ల్యాబుల్లో మూడింటిదాకా తెగని పని నేను పన్నెండింటికల్లా తెగ్గొట్టి, భోజనం చేసి, పేపరు చదివేవాణ్ణి. ఎలాగంటారా? తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని చూడగానే ఓ నిర్ణయానికి వచ్చేసేవాణ్ణి. దవడలు లాగేసి, కళ్ళు గుంటలుపడి ఉంటే ఆ స్లైడు జాగ్రత్తగా చూడటం. మనిషి నిటారుగా ఉండి, నవ్వుతూ మాట్లాడుతుంటే ఇరవై పాతిక ఫీల్డులు తిప్పి ‘నెగెటివ్’ అని రాయటం. అంటే నేను మనిషి మొహం చూసి స్లైడు చదివేవాణ్ణన్నమాట. చాలాసార్లు అది సరిపోయింది కూడా. సరిపోవటమే నా కొంప ముంచింది.

మా పైన ఒక సీనియర్ సూపర్వైజరు ఉండేవాడు. వేటపాలెం మనిషి, ముస్లిం. వాళ్ళింట్లో ఆడవాళ్ళు జీడిపప్పు ఏరే పనికి వెళ్ళేవాళ్ళట. ఆ చూపు ఆయనకి వాళ్ళమ్మ నుంచి వచ్చిందనేవాడు. మైక్రోస్కోపు పక్కన అగ్గిపెట్టె పెట్టుకునేవాడు. పది ఫీల్డులు చూడగానే ఒక అగ్గిపుల్ల తీసి బల్లమీద పెట్టటం, పది పుల్లలు అయ్యాకే తల ఎత్తటం. ఎవరైనా పలకరించినా పలికేవాడు కాదు. మేము వెనకాల ‘అగ్గిపెట్టె మాస్టారు’ అని నవ్వుకునేవాళ్ళం. ఆయనకి తెలుసు. ఒకసారి నాతో అన్నాడు కూడా, “నవ్వుకోండి, పర్వాలేదండి. నాకు లెక్క తప్పుతుంది, అందుకే పుల్లలు. మీకు తప్పదేమో!”

మిరప కోతలు ముమ్మరంగా ఉన్న రోజులవి. ఆ కాలంలో మా ఊళ్ళో గాలే ఘాటెక్కుతుంది. కల్లాల్లో కాయ, రోడ్డు పక్కన కాయ, లారీల్లో కాయ. కోల్డ్ స్టోరేజీ పక్కన రేకుల షెడ్డులో పాతికమంది ఆడవాళ్ళు వరసలుగా కూర్చుని కాయలకి తొడిమలు తీసేవాళ్ళు. ఊరంతా దగ్గేది. ఆసుపత్రి వరండా అంతా దగ్గే.

ఆ వరండాలోంచే వచ్చిందామె. ముప్పై అయిదేళ్ళుంటాయి. కౌలుకి రెండెకరాలు పత్తి వేసే కుటుంబం. చేలో పని లేనప్పుడు తొడిమల షెడ్డుకి వెళ్ళేది. మనిషి చలాకీగా ఉంది. వస్తూనే నవ్వింది.

“ఏమమ్మా, ఎన్నాళ్ళనుంచి దగ్గు?”

“నెల దాటింది సార్. షెడ్డులో మా మేస్త్రి పరీక్ష చేయించుకుని కాయితం తెస్తేనే పన్లోకి రానిస్తానంది. పక్కన పెద్దోళ్ళు కూర్చుంటారు గదా, ఆవిడ భయం ఆవిడది.”

“షెడ్డులో పని చేస్తూ దగ్గు రాకపోతే ఆశ్చర్యపోవాలి. ముక్కుకి గుడ్డ కట్టుకో” అన్నాను. చూడండి, అప్పటికింకా స్లైడు కూడా తయారుచేయలేదు. నా నోట తీర్పు వచ్చేసింది.

అప్పటికప్పుడు ఒక డబ్బాలో, మర్నాడు పొద్దున్నే ఇంటి దగ్గర ఇంకో డబ్బాలో కళ్ళె తెచ్చి ఇచ్చింది. రెండూ చూశాను. చూశాను అంటే, ఒక్కొక్కటి ఇరవై ఫీల్డులు తిప్పాను. నీలం తప్ప ఏమీ లేదు. బయట పొడుగాటి వరస ఉంది. రెండు గళ్ళలోనూ ‘నెగెటివ్’ అని రాసి, చివరి గడిలో సంతకం పెట్టాను. కాగితం ఇస్తే ఆమె రెండు చేతులతో అందుకుంది.

“అమ్మయ్య! బతికించారు సార్” అంది.

ఆ మాట ఈనాటికీ నా చెవిలో ఉంది. ఆ కాగితం పట్టుకెళ్ళి షెడ్డులో మేస్త్రికి చూపించింది. మేస్త్రి కూడా ఆడమనిషే. నలభై ఏళ్ళుంటాయి, పాతికమందినీ ఒక్క కేకతో నడిపేది. కాగితం చదివించుకుని “సరే, కూర్చో” అంది. అలా మా ఆసుపత్రి ముద్రా నా సంతకమూ ఆమెని మళ్ళీ ఆ వరసలో కూర్చోబెట్టాయి. ఆమె పక్కన ఎప్పుడూ కూర్చునేది ఆ మేస్త్రి తల్లి. అరవై దాటిన మనిషి, షుగరు ఉంది. అయినా ఇంట్లో తోచదని వచ్చేది.

ఉగాది దాటిన తర్వాత ఒకరోజు సూపర్వైజరుగారు వచ్చారు. ప్రతి నెలా మా పెట్టెలోంచి కొన్ని స్లైడులు తీసుకెళ్ళి, మేమేం రాశామో తెలియనివ్వకుండా ఇంకొకరితో మళ్ళీ చూపించటం మా శాఖలో పద్ధతి. ఎప్పుడూ గుమ్మంలోంచే “టీ చెప్పండి” అనే మనిషి, ఆ రోజు నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చాడు. జేబురుమాల్లో చుట్టిన స్లైడు తీసి నా మైక్రోస్కోపు మీద పెట్టి, నూనెచుక్క వేసి, పక్కన అగ్గిపెట్టె పెట్టాడు.

“నేనేమీ అననండి. మీరే చూడండి. లెక్కపెడుతూ చూడండి.”

నాకు మండింది. పదిహేడేళ్ళ సర్వీసు, నాకు అగ్గిపుల్లలా! అయినా కూర్చున్నాను. ఒక పుల్ల. రెండు పుల్లలు. ఏమీ లేదు. “ఏముందండీ ఇందులో?” అన్నాను తల ఎత్తకుండా. ఆయన అగ్గిపెట్టె నా వైపు జరిపాడు. మూడు పుల్లలు, నాలుగు పుల్లలు. నలభై మూడో ఫీల్డులో, అంచున, ఒక ఎర్ర గీత. పక్కనే ఇంకోటి. స్లైడు జరిపే చక్రం మీద నా వేలు ఆగిపోయింది. నూరు పూర్తయ్యేసరికి అయిదు కనిపించాయి.

స్లైడు మీద నంబరు చూసి రిజిస్టరు తీశాను. అక్కడ నా అందమైన సంతకం.

“మన కొలతల ప్రకారం ఇది చిన్న తప్పేనండి. క్రిములు తక్కువగా ఉన్న స్లైడు తప్పిపోతే చిన్న తప్పు, ఎక్కువ ఉన్నది తప్పిపోతే పెద్ద తప్పు. కాగితంలో అలాగే రాస్తాను” అన్నాడాయన. “ముందు ఆ మనిషి ఎక్కడుందో చూడండి” అన్నాడు.

ఆ సాయంత్రమే కబురు పెట్టాం. ఆమె వచ్చేసరికి నేను గుర్తుపట్టలేదు. నిజంగానే గుర్తుపట్టలేదు. బుగ్గలు లేవు. జాకెట్టు భుజాల మీంచి జారిపోతోంది. మళ్ళీ పరీక్ష చేస్తే ఈసారి లెక్కపెట్టే పనే లేదు, ఏ ఫీల్డు చూసినా ఎరుపే.

మా డాక్టరుగారు చిన్నవాడు, మంచివాడు. నన్ను పక్కకి పిలిచి, “ఇప్పుడు పాత సంగతి చెప్పి ఏం లాభమండి? భయపడుతుంది, మందు మానేస్తుంది. కొత్త పరీక్షలో బయటపడిందని చెబుదాం” అన్నాడు. నాకు ఆ మాట ఎంత చల్లగా తగిలిందో చెప్పలేను. అబద్ధం కూడా కాదు కదా అనుకున్నాను. ఆమెకి మందులు మొదలుపెట్టాం. ఆమె ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో నాకు తెలియదు.

రోగి బయటపడితే ఆమె పక్కన మసిలినవాళ్ళందరినీ పరీక్షించాలి. షెడ్డు మొత్తాన్నీ పిలిచాం. వాళ్ళ స్లైడులు రెండురోజులు చూశాను. అగ్గిపెట్టె పెట్టుకునే చూశాను. ఇరవైమూడు మందిలో ఏమీ లేదు. మేస్త్రి తల్లికి ఉంది, చాలా ఉంది. ఆవిడ అప్పటికి రెండు నెలలుగా దగ్గుతోందట. ఘాటేలే అని ఊరుకుంది. మందులు మొదలుపెట్టినా ఆ వయసుకి, ఆ షుగరుకి ఒళ్ళు తట్టుకోలేదు. తొలకరి పడకముందే పోయింది.

ఎవరినుంచి ఎవరికి వచ్చిందని మీరు అడగొచ్చు. తేల్చే సాధనం మా దగ్గర లేదు. ముసలావిడకే ముందునుంచి ఉందేమో, ఆవిడనుంచే ఈమెకి వచ్చిందేమో కూడా. ఈ మాట అప్పట్లో నన్ను నేను ఓదార్చుకోవటానికి చాలాసార్లు అనుకున్నాను. కానీ అది ఎటునుంచి ఎటు వచ్చినా ఒకటి మాత్రం నిజం. మొదటిసారే నేను నలభై మూడో ఫీల్డు దాకా వెళ్ళి ఉంటే, ఆ షెడ్డుని అప్పుడే పిలిచేవాళ్ళం. ముసలావిడకి ఇంకా ఒంట్లో సత్తువ ఉండగానే మందు పడేది. ఈ లెక్క దగ్గరికి వచ్చేసరికి నాకు ఏ ఓదార్పూ మిగల్లేదు.

చేలల్లో పత్తి గింజ పెడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె ల్యాబుకి వచ్చింది. మందు బాగా పట్టింది, మనిషి కాస్త తేరుకుంది. రెండునెలల పరీక్షలో క్రిములు పోయాయి, ఇంక ఆమె వల్ల ఎవరికీ ప్రమాదం లేదని డాక్టరుగారే రాసిచ్చారు. అయినా గుమ్మం దగ్గరే, గోడకి ఆనుకుని నిలబడింది.

“సార్, నాకో ముక్క రాసివ్వాలి.”

“ఏం రాయాలమ్మా?”

“అప్పుడు నేను తెచ్చిన కాయితం దొంగది కాదని రాయండి. మేస్త్రి నన్ను రానివ్వటం లేదు. రోగం దాచిపెట్టి, ఎవరిచేతో దొంగకాయితం రాయించుకొచ్చి, వాళ్ళమ్మ పక్కన కూర్చున్నానంట. ఊరంతా అదే మాట. నీళ్ళకెళితే బిందెలు పక్కకి లాక్కుంటున్నారు. మా ఆయన కూడా నిన్న అడిగాడు సార్, నిజం చెప్పవే, నిజంగా పరీక్ష చేయించుకున్నావా అని.” అప్పటిదాకా గట్టిగానే మాట్లాడింది. అక్కడికొచ్చేసరికి తల గోడవైపు తిప్పుకుంది. “ఆ పెద్దావిడ నాకు రోజూ తన గిన్నెలో కూర పెట్టేది. నేనెందుకు దాస్తాను సార్?”

రాసివ్వటం ఎంతసేపు? ‘సదరు ధ్రువపత్రము ఈ ఆసుపత్రి జారీచేసినదే’ అని ఒక వాక్యం, కింద ముద్ర. నిజమే అవుతుంది. కాగితం తీశాను, కలం తీశాను. రాయలేకపోయాను. ఆ వాక్యం చదివినవాళ్ళు, కాగితం అసలుదే అయితే అందులో లేదన్న రోగం ఎక్కణ్ణుంచి వచ్చిందని అడుగుతారు. దానికి జవాబు ఆమె దగ్గర లేదు. నా దగ్గరే ఉంది.

“కూర్చోమ్మా” అన్నాను. రిజిస్టరు తీసి ఆమె ముందు పెట్టాను. చదువురాదు, అయినా పెట్టాను. జరిగింది చెప్పాను. నూరు చూడాలి, ఇరవై చూశాను అని చెప్పాను. ఆమె రిజిస్టరు వంక చూసింది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

“ఇది నాతో చెబితే ఏం లాభం సార్?” అంది.

నిజమే. మర్నాడు సెలవు పెట్టాను. షెడ్డుకి వెళ్ళి అందరిముందూ నిజం చెబుతానని సూపర్వైజరుగారికి ఫోను చేసి చెప్పాను. “మెమో వస్తుందండి. పెద్దవాళ్ళకి తెలిస్తే ఊరుకోరు. అన్నీ ఆలోచించుకున్నారా?” అన్నాడు. ఆలోచించుకున్నానన్నాను. “అయితే స్కూటరు మీద నేను దింపనా?” అన్నాడు. వద్దన్నాను. మెమో వచ్చింది లెండి, తర్వాత. అది వేరే సంగతి.

షెడ్డులోకి అడుగుపెట్టేసరికి కళ్ళలోంచి నీళ్ళు కారాయి, ఘాటుకి. ఆమె నా వెనకాల వచ్చి గేటు దగ్గరే ఆగిపోయింది. లోపల వరసలు. ఒక్కొక్కరి ముందూ కాయల గుట్ట. వాళ్ళ చేతులు నేను ఎప్పుడూ చూడలేదు, అంటే దృష్టిపెట్టి చూడలేదు. తొడిమ తీస్తూనే వేళ్ళతో కాయ నొక్కి, తెల్లబడ్డ తాలుకాయని పక్కకి పడేస్తున్నారు. మాట్లాడుకుంటూనే, ఒక్క కాయ వదలకుండా. గంపెడు కాయలో ఒక్క తాలు మిగిలినా మేస్త్రి గంప తిరగబోయిస్తుంది.

మేస్త్రి లేచి వచ్చింది. “ఏంటి సార్, మళ్ళీ అందరినీ దగ్గమంటారా?”

అందరూ వినేటట్టు చెప్పాలని గొంతు సవరించుకున్నాను. “అమ్మా, ఆమె మొదట చేయించుకున్న పరీక్షలో మా వైపునుంచి స్వల్ప సాంకేతిక దోషం...” 

“తెలుగులో చెప్పవయ్యా” అంది మేస్త్రి.

“ఆమె దొంగకాయితం తేలేదమ్మా. ఆ కాయితం నేనిచ్చిందే. అప్పటికే ఆమెకి రోగం ఉంది. నేను సరిగ్గా చూడలేదు. చూడకుండానే చూశానని సంతకం పెట్టాను. అప్పుడే చూసి ఉంటే మీ అమ్మగారికి కూడా అప్పుడే పరీక్ష చేసేవాళ్ళం. ఆమె తప్పేమీ లేదు. తప్పు నాది.”

చేతులన్నీ ఆగిపోయాయి. మేస్త్రి నా మొహంలోకి చూస్తూ నిలబడింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగానే ఉండేది.

“మా అమ్మదైనా చూశావా?” అంది.

“చూశానమ్మా.”

“అంతా?”

“అంతా చూశాను.”

మేస్త్రి కొంగుతో మొహం తుడుచుకుంది. అప్పుడు నన్ను దాటి గేటు వైపు చూసి గట్టిగా అరిచింది. “ఏమే, అక్కడ కొయ్యలా నిలబడ్డావేం? లోపలికి రా. వచ్చి కూర్చో.”

ఆమె భయంభయంగా లోపలికి వచ్చింది. మొదటి వరసలో ఒక పీట ఖాళీగా ఉంది. దాని పక్కన కూర్చోబోతే మేస్త్రి ఆ ఖాళీ పీటనే కాలితో ముందుకి తోసి, “దాని మీదే కూర్చో” అంది. ఎవరి పీటో ఎవరూ చెప్పలేదు. ఆమె దాని మీద కూర్చుని, మొహం మోకాళ్ళలో పెట్టుకుని ఏడ్చింది. పక్కావిడ ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

నేను చేతులు జోడించి ఇంకేదో అనబోయాను. మేస్త్రి చెయ్యెత్తి ఆపింది.

“నువ్వింక వెళ్ళయ్యా. ఎండలో పడి వచ్చావు, మా అమ్మైతే నీకు మంచినీళ్ళిచ్చి పంపేది. నేనివ్వలేను.”

సరేనమ్మా అని, వచ్చేశాను.